పిల్లాణ్ణి అడగడానికి ఒక్కడే వచ్చాడు

పోయిన నెల మెల్‌బోర్న్ శివార్లలో పాయింట్ కుక్‌లో మా అన్నయ్య ఇంట్లో ఉండగా, మా మేనకోడలు గ్రేస్ తన భవిష్యత్తు తేల్చేసుకోవడం కళ్ళారా చూశాను. గ్రేస్ యూనివర్సిటీలో, ఇక్కడివాళ్ళ మాటలో యూనిలో, రెండో ఏడు చదువుతోంది, ఆడపిల్లల ఫుట్‌బాల్ ఆడుతుంది. బ్రిస్బేన్‌లో ఒక క్లబ్బు వాళ్ళు దాన్ని తీసుకుందామనుకుంటున్నారట. వంటింటి గట్టుమీద, నానబోసిన మినప్పప్పు గిన్నె పక్కన లాప్‌టాప్ తెరిచింది. తెరమీద ఇద్దరు ఆడవాళ్ళు కనిపించి, మేం పిలిస్తే చదువు ఆపి వస్తావా అని అడిగారు. "యా, హండ్రెడ్ పర్సెంట్!" అంది. తల్లిదండ్రులకేమైనా సందేహాలున్నాయా అన్నారు. మా వదిన మొహమాటపడుతూ భోజనం సంగతి అడిగితే, అదంతా చూసుకోవడానికి మనిషి ఉందన్నారు. అంతే, లాప్‌టాప్ మూసేసి గ్రేస్ టోస్టర్‌లో బ్రెడ్డు పెట్టుకుంది. "అదేంటి, అయిపోయిందా? పిల్లని ఇచ్చేసినట్టేనా?" అంది వదిన తెల్లబోయి. అన్నయ్య నా వంక చూశాడు. చూసి, ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. వదినకి ఒళ్ళు మండింది. "నువ్వు చెప్పు సువార్తా, నావల్ల కాదు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. ఆ సాయంత్రం చెప్పడం మొదలుపెట్టాను గానీ, మధ్యమధ్య మేమిద్దరం నవ్వుకోవడంతో వదినకి సగమే అర్థమైంది. అందుకని పర్త్‌లో పియారా వాటర్స్‌లోని మా ఇంటికి తిరిగొచ్చాక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇప్పుడు పియారా వాటర్స్‌లో మా వీధిలోనే నాలుగిళ్ళలో తాలింపు వేస్తే నాకు వాసన తెలుస్తుంది. మా చిన్నప్పుడు ఇక్కడ ఇళ్ళే లేవు, అంతా పొదలూ గుర్రాలు మేసే బీళ్ళూనూ. పర్త్ మొత్తం మీద ఉన్న తెలుగువాళ్ళందరూ కానింగ్టన్‌లోని మా ముందుగదిలో పట్టేవారు. నాన్నది బాపట్ల దగ్గర. ఇక్కడ హైస్కూల్లో లెక్కల మేష్టారు. అమ్మ నర్సు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన అమ్మ దగ్గర ఆస్పత్రి సబ్బు వాసన వచ్చేది, కాసేపటికి దానిమీద కరివేపాకు వాసన చేరేది. ఆ రెండూ కలిస్తేనే మా ఇంట్లో తెల్లారినట్టు లెక్క. నాన్నకి ప్రతి పనికీ ఒక వరస ఉండేది. ఆదివారం చర్చికి వెళ్ళేముందు నలుగురి బూట్లూ పెరటి మెట్లమీద వరసగా పెట్టి, చిన్నవాటితో మొదలుపెట్టి పాలిష్ చేసేవాడు. ఇంట్లో ఏ పెద్ద విషయమైనా అప్పటికప్పుడు తేల్చడం ఆయనకి సరిపడదు. ముందు ప్రార్థన, తర్వాత ఒక పెద్దమనిషితో మాట, ఆ తర్వాత జవాబు. ఫ్రిజ్ కొన్నప్పుడూ అంతే, నన్ను స్కూలు క్యాంపుకి పంపినప్పుడూ అంతే. నేను పంపమని అడిగిన క్యాంపు అయిపోయి, దాని తర్వాత క్యాంపుకి వెళ్ళాను.

ఇలాంటి ఇంట్లో మా అన్నయ్య ఇమ్మానుయేలు ఫుట్‌బాల్ ఆటగాడయ్యాడు. ఇంట్లో ఇమ్ము, మైదానంలో మానీ. ఫుట్‌బాల్ అంటే గుండ్రటి బంతి కాదు. ఇక్కడివాళ్ళ బంతి కోలగా ఉంటుంది, గాల్లోకి ఎగిరి చేతుల్తో పట్టుకోవచ్చు, మళ్ళీ కాలితో తన్నాలి. ఎదుటివాడి భుజంమీద మోకాలు పెట్టి ఎగిరినా తప్పులేదు. అలా ఎగరడంలో మావాడు దిట్ట. ఆ ఆటంటే చెవి కోసుకునేవాడు. తడిసిన బూట్లు తెచ్చి పొయ్యి పక్కన ఆరబెడితే, ఉప్మా వాసనా తోలు వాసనా యూకలిప్టస్ నూనె వాసనా కలిసిపోయేవి. శనివారం ఆట మధ్యలో పిల్లలకి కమలాపళ్ళు కోసి ఇవ్వడం ఒక్కో వారం ఒక్కో తల్లి వంతు. అమ్మ వంతు మొదటిసారి వచ్చినప్పుడు, ఉత్త పళ్ళు ఏం బాగుంటాయని ఉప్పూ కారం చల్లి పట్టుకెళ్ళింది. ఆ రోజు ఇద్దరు కుర్రాళ్ళకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నెల తిరక్కుండా జట్టంతా "మిసెస్ పి ఆరెంజెస్" కావాలని అడగడం మొదలుపెట్టింది. అమ్మకి ఆట ఒక్క ముక్క అర్థం కాదు. అన్నయ్య గాల్లోకి లేస్తే కళ్ళు మూసుకుని, కిందికి దిగాడని నేను చెప్పాక తెరిచేది.

అన్నయ్య ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా మెల్‌బోర్న్ నుంచి ఒక పెద్ద క్లబ్బు వాళ్ళ కన్ను వాడిమీద పడింది. ఏటా ఒక రోజున క్లబ్బులన్నీ వంతులవారీగా కుర్రాళ్ళ పేర్లు పిలుస్తాయి. ఏ క్లబ్బు పిలిస్తే ఆ క్లబ్బుకే పోవాలి. పిలిపించుకోవడమంటే చదువు మధ్యలో ఆపి, నాలుగు గంటలు విమానంలో పోయి, దేశానికి ఆ చివర ఉండిపోవడం. అన్నయ్యకి పందొమ్మిదేళ్ళు. రాత్రీ పగలూ అదే కల. నాన్నకి వాడి డిగ్రీ కల. మా తాతలెవరూ బడి గడప తొక్కలేదు. నాన్న డిగ్రీ తెచ్చుకున్నాకే మా వాళ్ళని ఊళ్ళో పేరు పెట్టి, గారు చేర్చి పిలిచారు. అది ఆయనకి మర్చిపోయే విషయం కాదు. అన్నయ్య అడిగితే "చూద్దాం" అనేవాడు. అమ్మ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. నాకు మాత్రం అన్నయ్యకి ఈ అవకాశం తప్పిపోతే మళ్ళీ రాదని తెలుసు. అది తప్పితే వాడు నాన్నని మనసులోంచి తీసేస్తాడేమోనని భయంగా ఉండేది.

ఇంతలో ఆ క్లబ్బు మనిషి ఫోన్ చేశాడు. పేరు బ్రయన్. కుర్రాళ్ళని వెతికి ఎంచడం ఆయన పని. గురువారం ఆర్వో, అంటే మధ్యాహ్నం దాటాక, ఒకసారి వచ్చి అమ్మానాన్నలతో మాట్లాడి, టీ తాగి పోతానన్నాడు. నాన్న వెంటనే దేవదానం అంకుల్‌ని పిలిపించాడు. మా తెలుగు ప్రార్థన కూడికకి ఆయన పెద్ద. ఊళ్ళో ఉన్నప్పుడు చాలా సంబంధాలు కుదిర్చిన చెయ్యి.

"ఎంతమంది వస్తన్నారు మేష్టారూ?" అన్నాడు అంకుల్.

"ఒక్కడేనంట."

"ఒక్కడా? పిల్లాణ్ణి అడగటానికి వచ్చేవోడు ఎంబడి ఒక పెద్దమనిషిని తెచ్చుకోడా? వాళ్ళకి ముందూ ఎనకా ఎవురూ లేరా ఏంది?"

ఎవరూ ఆ మాట పైకి అనలేదు గానీ, ఆ వారమంతా మా ఇంట్లో జరిగింది పెళ్ళిచూపుల ఏర్పాటే. పరాయివాళ్ళు వచ్చి బిడ్డని మా ఇంటికి పంపండి అంటే ఏం చెయ్యాలో మావాళ్ళకి తెలిసిన పద్ధతి అదొక్కటే. ముందుగదిలో కర్టెన్లు ఉతికారు. దేవదానం అంకుల్ వాళ్ళింటి నుంచి మంచి కుర్చీలు వచ్చాయి. అమ్మ సెలవు పెట్టి కజ్జికాయలు చేసింది, అరటికాయ బజ్జీలకి పిండి కలిపింది, పట్టుచీర కట్టుకుంది. అన్నయ్యకి తలంటి, చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేయించి లోపలి గదిలో కూర్చోబెట్టారు. "అమ్మా, ఆయన నన్ను చెమటతో బురదలో పొర్లాడుతుంటే చూశాడే, చొక్కా చూసి తీసుకోడు" అన్నాడు వాడు. "పిలిచేదాకా బయటికి రామాక" అంది అమ్మ. మేం పెళ్ళికొడుకు తరఫా, పెళ్ళికూతురు తరఫా అన్నది మాత్రం చివరిదాకా ఎవరికీ తేలలేదు.

బ్రయన్ యాభై దాటిన మనిషి, ఎండకి కమిలిన మొహం, వంకరపోయిన ముక్కు. టీషర్టులో, చేతులూపుకుంటూ వచ్చి, పట్టుచీరలో అమ్మనీ కోటులో నాన్ననీ చూసి, ఇవాళ మీ ఇంట్లో ఏదైనా ఫంక్షనా, ఇంకోరోజు రమ్మంటారా అన్నాడు. అంకుల్ ఆయన్ని మధ్య కుర్చీలో కూర్చోబెట్టాడు. కాసేపటికి అన్నయ్యని పిలిచారు. వాడు ఆరడుగుల మనిషి, తల వంచుకుని బజ్జీల పళ్ళెం పట్టుకుని వచ్చాడు. తలుపు సందులోంచి చూస్తున్న నేను నోట్లో ఓణీ కుక్కుకున్నాను. పళ్ళెం అందుకుంటూ "జి'డే మానీ" అన్నాడు బ్రయన్. వీడు "హలో సర్" అన్నాడు. ఎప్పుడూ లేనిది వీడు సర్ అనేసరికి ఆయన ఇంకా కంగారుపడ్డాడు.

తర్వాత ప్రశ్నలు. పిల్లాడు ఎవరింట్లో ఉంటాడు? ఆ ఇంట్లో ఆడవాళ్ళున్నారా? అన్నం వండుతారా? దగ్గర్లో చర్చి ఉందా? జ్వరం వస్తే ఎవరు చూస్తారు? మీకు పిల్లలెందరు? మీ నాన్నగారేం చేసేవారు? బ్రయన్ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. మైదానానికి దగ్గర్లో ఒక కుటుంబం ఉందనీ, ఆవిడకి ముగ్గురు పిల్లలనీ, అక్కడి యూనిలో చదువు కొంచెం కొంచెంగా సాగించుకోవచ్చనీ చెప్పాడు. వాళ్ళ నాన్న గొర్రెల బొచ్చు కత్తిరించేవాడట. డబ్బు సంగతి నాన్న అడగలేదు. బ్రయనే ఎత్తబోతే, నాన్న "అదంతా తర్వాత" అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆఖరికి బ్రయన్ కప్పు కిందపెట్టి అసలు విషయానికొచ్చాడు. పర్త్ కుర్రాళ్ళు ఇంటిమీద బెంగతో వెనక్కి పారిపోతున్నారనీ, తల్లిదండ్రులకి ఇష్టం లేకపోతే ఎవడూ నిలవట్లేదనీ, అందుకని ఆ మాట కుర్రాడి నోటివెంట కాదు, తండ్రి నోటివెంట వినాలనీ అన్నాడు. "మేం పేరు పిలిస్తే పంపుతారా?"

నాన్న మొహం చూస్తే తెలుస్తోంది, మనిషి ఆయనకి నచ్చాడు. గొర్రెల బొచ్చు కత్తిరించినవాడి బిడ్డ కావడం మరీ నచ్చింది. అయినా మొహాన ఔననేయడం ఎక్కడుంది? "వీ విల్ ప్రే అండ్ లెట్ యూ నో" అన్నాడు హుందాగా. దేవదానం అంకుల్ మెచ్చుకోలుగా తలూపాడు. బ్రయన్ ఒక్క క్షణం నాన్న వంక చూసి, "నో వర్రీస్, మేట్" అని లేచాడు. రేపు మధ్యాహ్నం విమానమనీ, ఫలానా మోటెల్లో ఉన్నాననీ మాటవరసకి చెప్పాడు. అమ్మ ఐస్‌క్రీమ్ డబ్బా నిండా కజ్జికాయలు పెట్టి చేతికిచ్చింది.

కారు వెళ్ళిపోగానే ఇల్లంతా పండగలా అయింది. "మడిసి మంచోడు మేష్టారూ, కల్లాకపటం లేదు" అని అంకుల్ మిగిలిన బజ్జీలు దగ్గరికి లాక్కున్నాడు. అన్నయ్య మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"నాన్నా, ఆయన నో అనుకున్నాడు."

"నో ఎందుకనుకుంటాడ్రా? నేను నో అన్లేదుగా."

"ఇక్కడ లెట్ యూ నో అంటే నో అనే నాన్నా. మొహమాటానికి అంటారు. ఇంకా ముగ్గురున్నారు ఆయన లిస్టులో. ఇంక నా పేరు కొట్టేస్తాడు."

"కజ్జికాయలు ఇచ్చాంగా!" అంది అమ్మ. "ఇష్టం లేనోళ్ళకి డబ్బాకెత్తి పంపుతామా?"

"అది ఆయనకెట్టా తెలుస్తదమ్మా?" అన్నాడు అన్నయ్య. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. వాడు ఏడవడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

నాన్న కోటు విప్పి కుర్చీ వెనక వేసి, మళ్ళీ తీసి మడతపెట్టాడు. ఫోన్ చేసి చెప్పెయ్యమన్నాన్నేను. "ఫోన్లోనా? పిల్లాణ్ణి ఫోన్లో ఇస్తారా ఎవరన్నా?" అన్నాడు. పోనీ ఇప్పుడే వెళ్ళి చెప్దామంటే, ఎగబడి అంటగట్టినట్టుంటుందనీ, అలా వెళ్ళిన బిడ్డకి అక్కడ విలువుండదనీ అన్నాడు. ఆయన నామోషీ అది. దానికోసం అన్నయ్య కల పోయేట్టుంది. అప్పుడు దేవదానం అంకుల్ బజ్జీ పక్కన పెట్టాడు. "మేష్టారూ, ఆ మడిసికి మన పద్ధతి తెలవదు. మనకి ఆళ్ళ పద్ధతి తెలవదు. తెలిసినోడు ఒక్కడే ఉన్నాడు ఈ ఇంట్లో, ఆడు ఆ గదిలో ఏడస్తన్నాడు. ప్రార్థన ఇప్పుడే చేసేద్దాం" అన్నాడు. అంకుల్ ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారిపోతుందని పిల్లలం నవ్వుకునేవాళ్ళం. ఆ సాయంత్రం మాత్రం, "ప్రభువా, ఈ తండ్రికి నోరు తెరిచే ధైర్యం దయచెయ్యి, ఆమెన్" అని లేచి ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు నాన్న నన్ను స్కూలుకి తీసుకెళ్ళే కారు మోటెల్ వైపు తిరిగింది. నాన్న స్కూలు ఎగ్గొట్టడం నా ఎరుకలో అదే మొదలు. నాన్న వెనకే నేనూ లోపలికెళ్ళాను. టిఫిన్లు పెట్టే గదిలో బ్రయన్ కాఫీ తాగుతున్నాడు. నాన్న కూర్చోలేదు. తరగతిలో పాఠం చెప్పేటప్పటి ఇంగ్లీషులో, నిన్న మీకు జవాబు చెప్పకపోవడం మా మర్యాద, ఇవాళ చెప్పడం మీ మర్యాద అనుకుని వచ్చాను, మావాణ్ణి పంపుతాను అన్నాడు. బ్రయన్ ఆశ్చర్యపోయి కుర్చీ చూపించాడు. చూపించి, దాచకుండా ఉన్నమాట చెప్పేశాడు. చాలామంది నిలవరు, రెండేళ్ళకే మోకాలు పోయి తిరిగొస్తారు, అప్పుడు చదువూ ఉండదు, ఆటా ఉండదు, మమ్మల్ని తిట్టుకుంటారేమో ఆలోచించుకోండి అన్నాడు.

నాన్న అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. "తిరిగొస్తే వాడి మంచం వాడికుంటుంది" అన్నాడు. "పంపకపోతే వాడు రోజూ నా ఎదురుగానే కూర్చుని అన్నం తింటాడు. కానీ నాతో ఉండడు. నిన్న సాయంత్రం వాడి గది తలుపు బయట నిలబడి అది తెలుసుకున్నాను." బ్రయన్ లేచి నాన్న చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

క్లబ్బు అన్నయ్య పేరు పిలిచింది. వాడు అక్కడ ఆరేడేళ్ళు ఆడాడు. మరీ గొప్పగా కాదు, మరీ తీసిపారేసేట్టుగానూ కాదు. బ్రయన్ చెప్పినట్టే మోకాలు పోయింది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ యూనికి వెళ్ళి, తనకంటే చిన్న పిల్లల మధ్య కూర్చుని డిగ్రీ తెచ్చుకున్నాడు. ఆ డిగ్రీ ఫొటో నాన్న చనిపోయేదాకా ఆయన మంచం పక్కనే ఉండేది. దాని పక్కన వాడు గాల్లోకి ఎగిరిన ఫొటో ఉండేది. ఇప్పటి పిల్లలది తేలికైన దారి, అందులో తప్పేం లేదు. గ్రేస్‌కి ఎవరి నామోషీతోనూ పని లేదు, ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పక్కర్లేదు. దాని అదృష్టం చూస్తే నాకు సంతోషంగానే ఉంది. అయినా ఆ లాప్‌టాప్ మూసినప్పుడు, ఒక్క బజ్జీ అయినా వేగలేదే అనిపించింది. బిడ్డని పంపడమనే పని మావాళ్ళకి ఎంత బరువుగా ఉండేదో, ఆ బరువులో ఎంత ప్రేమ ఉండేదో దానికెలా చెప్పను? చెప్పినా "ఆంటీ, దట్స్ సో క్యూట్" అంటుంది. అననీ.

మోటెల్ నుంచి మేం స్కూలుకి పోలేదు, ఇంటికే వచ్చాం. అమ్మ పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతోంది. అన్నయ్య పరీక్షల పుస్తకం ముందు పెట్టుకుని, చదవకుండా కూర్చున్నాడు. మమ్మల్ని చూసి తల ఎత్తాడు. నాన్న బ్రయన్‌కి చెప్పిన మాటలు వాడికీ చెప్తాడనుకుని నేను ఎదురుచూస్తున్నాను. నాన్న కారు తాళాలు మేకుకి తగిలించాడు. చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"ఇమ్మూ, మెల్‌బోర్న్‌లో చలి ఎక్కువంటగా. రెండు దుప్పట్లు పెట్టుకోరా" అన్నాడు.

అన్నయ్య కదల్లేదు, పుస్తకం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఇన్ని నెలలుగా ఔననీ కాదనీ అనని అమ్మ, మా వైపు తిరగకుండానే, ముక్కు చీదుకుని అంది.

"రెండేం ఆనతాయండీ. మూడు పెట్టుకోమనండి."